లాభం లెక్కలోకి రాదు

పోయినవాటితో మొదలుపెడతాను. మూడు పంటల పట్టుపురుగులు. నాలుగు థర్మామీటర్లు: రెండు బోర్లలో పడి, ఒకటి నా చొక్కా జేబులో విరిగి, ఒకటేమో రెండు రోజుల్లో ఇస్తానని తీసుకున్న పశువుల డాక్టరు దగ్గర. నూట ఎనభై అడుగుల నైలాను తాడు. నా కుడిచేతి మణికట్టు, ఆరు వారాల పాటు. ఆదివారాలు ఇరవై మూడు. ఒక సన్మానపు శాలువా. అది పోలేదు గానీ కప్పుకునే ధైర్యం పోయింది కాబట్టి ఈ వరసలోనే రాస్తున్నాను. మా చెల్లెలికి నా లెక్కల మీద ఉన్న నమ్మకం కూడా పోయింది. దాన్ని కొలిచే సాధనం నా దగ్గర లేదు గనక అంకె వేయలేదు.

ఇవన్నీ విజ్ఞానాన్ని నలుగురితో పంచుకోవడం వల్ల పోయినవి. పంచుకోకుంటే ఇంకెన్ని పోయేవో అని అప్పట్లో ఒక పెద్దమనిషి నన్ను ఓదార్చాడు. మొత్తం వ్యవహారంలో ఆయన పంచుకున్నది ఆ ఓదార్పు ఒక్కటే.

తొంభైల చివర నేను చిత్తూరులో ఒక బోరు బండి ఏజెంటు దగ్గర అడుగులు రాసేవాణ్ణి. పదో తరగతి చదువు. మిగతా లెక్కలు నాకు నేనే నేర్చుకున్నాను. బండి భూమిలోకి దించే ఇనుప రాడ్డు ఒక్కొక్కటి ఇరవై అడుగులు. ఎన్ని రాడ్లు దిగితే అన్ని ఇరవైలు. రైతు అడుగుకింత అని ఇస్తాడు. అందుకని బండివాళ్ళు పుస్తకంలో రాయించేది ఆఖరి అంకె ఒక్కటే. మొదటి తడి ఎక్కడ తగిలింది, ఆ నీళ్ళు చల్లగా ఉన్నాయా వెచ్చగా ఉన్నాయా అన్నది ఎవరూ రాయించరు. చల్లదనానికి అడుగు రేటు లేదు కదా.

మా చెల్లెలు పలమనేరు దగ్గర ఒక పల్లెలో ఎకరంన్నర మల్బరీ వేసి పట్టుపురుగులు పెంచేది. భర్త లారీ డ్రైవరు. నెలలో పది రోజులు ఇంట్లో ఉంటే అది మంచి నెల. తోట నాటింది ఆమె, షెడ్డు వేయించింది ఆమె, ఇది నా సంపాదన అని ఎవరి ముందైనా అనగలిగింది ఆ తోటను చూపించే. పట్టుపురుగు మనిషికన్నా సుకుమారం. షెడ్డులో వేడి ఇరవై ఎనిమిది డిగ్రీలు దాటితే ఆకు సరిగా ముట్టదు. కుబుసం విడిచే ముందు కదలకుండా పడుకుంటుంది. దాన్ని మా వైపు జ్వరం అంటారు. నాలుగు జ్వరాలు దాటితే గూడు కడుతుంది. వరసగా రెండు ఎండాకాలాలు, నాలుగో జ్వరం దాటిన పురుగులు పాలరోగం వచ్చి పోయాయి. షెడ్డు చుట్టూ తడిపిన గోనెపట్టలు కట్టి చూసింది. చల్లదనంతో పాటు చెమ్మ కూడా పెరిగి, రోగం ఇంకాస్త సుఖపడింది.

"ఇంకొక్క ఎండాకాలం సూస్తాన్నా. ఈసారీ పోతే తోట పీకేసి టమాటా ఏస్తా. టమాటాకు జ్వరం రాదు" అంది.

"టమాటాకు రేటు రాదు కదమ్మా."

"రాకుంటే అది అందరికీ రాదు. ఇది నా ఒక్కదానికే పోతాండాది."

ఇట్లాంటి మాట విన్నప్పుడు నేను అంకెలు వెతుక్కుంటాను.

ఆ మే నెలలోనే తిరుపతిలో ఒక లాడ్జి హాల్లో సదస్సు పెట్టారు. భోజనం ఉచితం, కానీ తనకు వేరే పని ఉందని ఏజెంటు నన్ను పంపాడు. భూమి పైపొరల్లోని వేడిని వాడుకోవడం గురించి పరిశ్రమ తన అనుభవాన్ని పంచుకోవాలని బ్యానరు మీద రాసి ఉంది. మాట్లాడడానికి వచ్చినాయన తెర మీద బొమ్మలు చూపించాడు. మంచు కురిసే దేశంలో ఇంటి చుట్టూ గొట్టాలు పాతి, నేలలోని వెచ్చదనంతో చలి పోగొట్టుకుంటున్నారు. మే నెల తిరుపతిలో, ఇల్లు వెచ్చగా ఉంచుకోవడం ఎట్లాగో మేం నూరు మందిమి చెమటలు తుడుచుకుంటూ శ్రద్ధగా నేర్చుకున్నాం. మూడో బొమ్మకు కరెంటు పోయింది. బొమ్మలు లేకపోయేసరికి ఆయన నోటితో చెప్పాల్సి వచ్చింది. అప్పుడే పనికొచ్చే మాట ఒకటి బయటపడింది. కొంచెం లోతుకు పోతే నేలకు ఎండాకాలం, చలికాలం తేడా తెలియదు. చలిలో వేడి ఎట్లా తీసుకుంటామో, ఎండలో చల్లదనం అట్లాగే తీసుకోవచ్చు.

నేను లేచి నిలబడి, మా జిల్లాలో ఏ లోతున ఎంత చల్లగా ఉంటుందని అడిగాను.

"ఆ వివరాలు లేవండి. అవన్నీ మీ బోరు బండ్లవాళ్ళ దగ్గరే ఉన్నాయి. మీరు పంచుకోవాలి" అన్నాడాయన.

ముందు వరసలో కూర్చున్న బండ్ల యజమానులు అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టారు. భోజనాల దగ్గర వాళ్ళలో ఒకాయన్ను పట్టుకున్నాను.

"అన్నా, పలమనేరు వైపు మీ బండికి మొదటి తడి ఎన్ని అడుగులకు తగుల్తాది?"

"ఎందుకప్పా?"

"పంచుకోవల్లన్నారు కదా."

"దానికేం, పంచుకుందాం. ముందు మీ ఏజెంటు పుస్తకం ఎత్తుకోనిరా."

చిత్తూరు తిరిగొచ్చి ఏజెంటును అడిగితే, "వాళ్ళ పుస్తకం రానీ, ఆ తర్వాత మనది ఇస్తాం" అన్నాడు. ఇట్లా పది మంది యజమానులు, పది పుస్తకాలు, నువ్వు ముందంటే నువ్వు ముందని మర్యాదగా ఎదురుచూస్తూ ఉండిపోయారు. ఆ ఏడాది పరిశ్రమ పంచుకున్నది రెండు రకాల స్వీట్లు, ఒక పెన్ను, ఏమీ రాయని ఒక నోటు పుస్తకం.

నోటు పుస్తకం నాకు పనికొచ్చింది. మందుల షాపులో థర్మామీటరు కొని, తాడుకు కట్టి చెల్లెలి బోరులోకి దించాను. అది జ్వరం చూసేది, తొంభై నాలుగు దగ్గర మొదలవుతుంది. బోరుకు జ్వరం లేదని మాత్రం రూఢి అయింది. తర్వాత తిరుపతిలో కాలేజీ సామాన్లు అమ్మే అంగట్లో సరైనది కొన్నాను. ఆమె బోరు ఐదొందల అడుగులు. నీళ్ళు ముప్పై డిగ్రీలు. బావ తెచ్చిచ్చిన పాత లారీ రేడియేటరులో ఆ నీళ్ళు పారించి, వెనకాల ఫ్యాను పెట్టాం. రేడియేటరు దాటిన నీళ్ళు మల్బరీకి పోతాయి, చుక్క వృథా కాదు. షెడ్డు ముప్పై ఆరు నుంచి ముప్పై రెండుకు దిగింది. పురుగులకు అది చాలదు. పక్క తోటలో పాతబావి ఒకటుంది. దాని అడుగున మిగిలిన నీళ్ళు ఇరవై ఆరు. అంటే పై నీళ్ళు చల్లన, కింది నీళ్ళు వెచ్చన. లోతుకు పోయేకొద్దీ మా ఏజెంటుకు డబ్బు, మా చెల్లెలికి వేడి. ఆమెకు కావలసింది, మొదటి తడి దగ్గరే ఆగిపోయే ఒక పొట్టి బోరు.

ఆ తడి ఎన్ని అడుగులకు ఉందో చెప్పేవాడు లేడు. ఆ పాతబావిలో తాడు లాగుతూ జారిపడి మణికట్టు విరగ్గొట్టుకున్నాను. విరిగిన ఎముకలకు కట్లు కట్టే పుత్తూరుకు పోయాను.

కట్టు కట్టించుకోవడానికి వరండాలో వరసగా కూర్చున్నవాళ్ళను చూసి నాకు నొప్పి మరిచిపోయినంత పనయింది. ఆ రోజు నాతో పాటు పదకొండు మంది ఉంటే అందులో నలుగురు బోరు బండ్ల మనుషులు. రాడ్లు ఎత్తేవాళ్ళు, దించేవాళ్ళు; ఒకరికి చెయ్యి, ఒకరికి కాలు. తిరుపతి సదస్సుకు రాని పరిశ్రమ అనుభవమంతా వెదురుబద్దల కట్లతో అక్కడ బారులు తీరి ఉంది. పైగా లేచి పారిపోయే వీలు లేదు.

నా పక్కన కాలు చాపుకుని ఉన్నవాడు సత్యవేడు వైపు బండిలో మనిషి. నాలుగేళ్ళు పలమనేరు చుట్టుపక్కలే పని చేశాడు.

"ఏం సామీ, చెయ్యి ఇరిగిందా?"

"తాడు లాగతా జారిపడినా. నీకు?"

"రాడ్డు పడింది. ఎవురి కాలు కాళీగా ఉండాదో దానికి బాగా తెలుసు."

"పలమనేరు పక్క మీకు మొదటి తడి ఎన్ని రాడ్లకు తగిలేది?"

"దేనికి? పోటీ బండి పెడతావా?"

"నా మొకం సూస్తే బండి పెట్టే మాదిరి ఉండాదా?"

వాడు తేరిపార చూశాడు. "లేవులే. అడుగులు రాసే మొకమే అది." ఆ తర్వాత వాడే చెప్పుకొచ్చాడు. మా చెల్లెలి ఊరి రైసుమిల్లు వెనకాల, ఆమె తోటకు దగ్గర్లోనే, నాలుగు బోర్లు వేశారట. "నాలుగిట్లోనూ ఆరో రాడ్డుకు దుమ్ము ముద్దకట్టి నీళ్ళొచ్చినాయి సామీ. ఇంత పైన దొరికితే అదేం నీళ్ళని రైతు ఐదొందలకు తీసకపోయినాడు."

ఆ తర్వాత కట్టు విప్పేసినా సరే, ఆదివారం ఆదివారం పుత్తూరు బస్సెక్కాను. చెనిక్కాయల పొట్లం కొనుక్కుపోయి, విరిగినవాళ్ళ పక్కన కూర్చుని రాసుకున్నాను. అరవై నాలుగు బోర్లు పోగయ్యాయి. ఊరు, ఎన్ని రాడ్లకు తడి, దాన్ని ఇరవైతో హెచ్చవేస్తే అడుగులు. ఒక్క కాయితం మీద పట్టేట్టు గీతలు గీసి చిత్తూరులో అరవై జెరాక్సులు తీయించాను.

సంగతి ఎట్లా పాకిందో, మరుసటి సంవత్సరం మొదట్లో చిత్తూరులో రైతులు, బండ్లవాళ్ళు కలిసిన సభకు నన్ను పిలిచారు. శాలువా కప్పారు. పరిశ్రమ ముందుకొచ్చి పంచుకున్న మొట్టమొదటి కాయితమిదని అధ్యక్షుడు పొగిడాడు. పరిశ్రమ ముందుకు రాలేదనీ, కాళ్ళు విరిగి పుత్తూరులో పడి ఉండగా నేనే పోయి రాబట్టాననీ సభలో చెప్పలేదు. అరవై కాయితాలూ పంచాను. ఎవరికి ఏ నంబరు కాయితం ఇచ్చానో వరసగా రాసుకున్నాను కూడా. అంత జాగ్రత్త మనిషిని.

ఏప్రిల్‌లో చెల్లెలి షెడ్డులో పురుగులు రెండో జ్వరంలో ఉండగా మా ఏజెంటు బండినే పిలిపించాను. నూట ఇరవై అడుగులకు బండి కదిలించడం అవమానమని ఏజెంటు సణిగాడు గానీ, శాలువా కప్పించుకున్నవాడి మాట కాదనలేకపోయాడు. టెంకాయ కొట్టారు. మొదటి రాడ్డు దిగింది. "లాభం" అన్నాడు లెక్కపెట్టేవాడు. ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కొలతను ఒకటి అనకుండా లాభం అన్నట్టే బండి మీదా అంటారు. తర్వాత రెండు, మూడు, నాలుగు. ఆరు కూడా దిగిపోయింది. తెల్లటి పొడి దుమ్ము మా అందరి తలల మీదా పడింది. నీళ్ళు లేవు.

బండి డ్రైవరు దుమ్మును పిడికిట్లో పిసికి చూశాడు. "కొంచెం బరువెక్కింది సామీ. ఇంకొక్క రాడ్డు ఎయ్యనీ."

"పదకొండేండ్లుగా సూస్తాండానప్పా. ఆ ఒక్క రాడ్డు ఐదొందల అడుగులకు పోయి ఆగుతాది."

"ఒక్కటే అంటాండానబ్బా."

"అన్నా, ఆయనంతగా చెప్తాంటే ఒక్కటి ఎయ్యనీరాదా?" అంది చెల్లెలు.

"వీళ్ళంతా ఒక్కటి దగ్గరే మొదలుపెడతారమ్మా. అరవై నాలుగు బోర్ల లెక్క ఉండాది నా దగ్గర. ఆరు రాడ్లకు లేదంటే ఈ తావున తడి లేదనే."

"నీ ఇష్టం సామీ, కాయితం నీది" అని డ్రైవరు రాడ్లు పైకి లాగేశాడు. మధ్యాహ్నానికి బండి వెళ్ళిపోయింది. వాడు నన్ను మోసం చేయకుండా చూసుకున్నానని నాకు చాలా తృప్తిగా ఉండింది.

తర్వాతి రెండు వారాలు రేడియేటరులో పాత బోరు నీళ్ళే; షెడ్డు ముప్పై రెండు, ముప్పై మూడు. పురుగులు నాలుగో జ్వరం దాటాయి. రెండు రోజులు ఆకు బాగానే తిన్నాయి. మూడో రోజు ఒళ్ళు ఉబ్బి, పాలు కారి, తట్టల అంచుల మీదికి పాకి చచ్చిపోయాయి. ఊరి బయట గుంట తవ్వి, సున్నం చల్లి పారబోశాం. కూలికి వచ్చిన ఆమె గంపలు మోసి గుంటలోకి వంచుతోంది. మొదటి గంప వంచుతూ అలవాటుగా "లాభం" అంది.

చెల్లెలు ఆమె వైపు చూసింది. "ఏం లాభమక్కా?"

"నోటికొచ్చేసింది తల్లీ, ఏమనుకోబాక" అని ఆమె గబగబా రెండో గంప వంచి, "ఒకటి" అంది.

నేను గట్టున కూర్చుని నా లెక్క నేను వేసుకుంటున్నాను. అంతా అయ్యాక ఆమె పదకొండు గంపలంది. నాకు పన్నెండు వచ్చాయి. ఒక గంప తేడాను ఒప్పుకోలేని స్వభావం నాది, అవి చచ్చిన పురుగులైనా సరే.

"పన్నెండు కదమ్మా?"

"పదకొండే సామీ. లాభం లెక్కలోకి రాదు గదా."

"ఎందుకు రాదు?"

"అది దేవునిది."

"మా పక్క లాభం అన్నాక రెండు అంటాం."

"అట్లయితే మీ దేవునికి ఏమీ మిగల్దే!" అంది ఆమె, నిజంగానే జాలిపడి.

"నువ్వు పుట్టింది యాడ?"

"సత్యవేడు పక్క."

నాకు ఆరు రాడ్లు చెప్పినవాడిదీ ఆ వైపే. నా కంటే ముందు చెల్లెలే నోరు తెరిచింది. "అన్నా, ఆరు అంటే ఏడా?"

మరుసటి రోజు సత్యవేడు బస్సెక్కాను. పుత్తూరు వరండాలో నాకు ఆరు రాడ్లని చెప్పినవాడు ఇప్పుడు రెండు కాళ్ళ మీద నడుస్తున్నాడు.

"ఆరు అన్నావే, లాభం కలిపి చెప్పినావా, వదిలేసి చెప్పినావా?"

"వదిలేసే సామీ. నువ్వు రాడ్లు ఎన్ని అని గదా అడిగింది. దేవుని రాడ్డు అడగలేదే."

"దానికి రైతు దగ్గర దుడ్లు తీసుకోరా?"

"అదేం మాట? తీసుకోకుండా ఎట్లుంటాం? అది వేరే లెక్క."

ఇరవై మూడు ఆదివారాలు అందరి అంకెలూ రాసుకున్నాను. ఏ ఒక్కరినీ, నువ్వు ఒకటి ఎక్కడ మొదలుపెడతావని అడగలేదు. అంత చిన్న ప్రశ్న అడగడానికి నాకు నామోషీ అనిపించి ఉండాలి. అరవై నాలుగు బోర్లలో సత్యవేడు వైపు బండ్లు వేసినవి ముప్పైకి పైనే. వాటన్నిటికీ నేను తలా ఒక రాడ్డు మింగేశాను.

తిరిగొచ్చేసరికి తోట పీకడానికి సోమవారం ట్రాక్టరు వస్తుందని చెల్లెలు చెప్పింది.

"ఇంకొక్క రాడ్డు ఏసి సూద్దామమ్మా" అన్నాను.

ఆమె నవ్వింది. ఆ వారంలో అదే మొదటి నవ్వు, అంత మంచిది కాదు. "నువ్వా అన్నా, ఆ మాట అంటాండేది?"

ఒక్క రాడ్డు కోసం పలమనేరు దాకా బండిని పంపిన ఏజెంటు జిల్లాలో మరొకడు లేడు. దాని ఖర్చు నా జీతంలో విరగ్గొట్టుకుంటాననే షరతు మీదే పంపాడు. ఆదివారం పొద్దున అదే డ్రైవరు వచ్చాడు. పాత బొక్కలోనే ఆరు రాడ్లు దించి, ఏడోది కలిపాడు. అది సగం దిగేసరికి దుమ్ము ఆగింది. ముద్ద ముద్దగా మట్టి ఎగిరింది, ఆ వెనకే నీళ్ళు. ఎక్కువ కాదు, ఒక ఇంచి గొట్టానికి సరిపడా. థర్మామీటరు ఇరవై ఆరు చూపింది. ఆ మధ్యాహ్నమే ఒక చిన్న మోటారు దించి ఆ నీళ్ళు రేడియేటరుకు కలిపితే, ఖాళీ షెడ్డు సాయంత్రానికి ఇరవై ఎనిమిదికి దిగింది. చెల్లెలు లోపలికి పోయి థర్మామీటరు తనే చదివింది. తర్వాత బయటికొచ్చి, ట్రాక్టరు వద్దని కబురు పంపింది.

మే నెలలో మళ్ళీ పురుగులు తెచ్చింది. నాలుగు జ్వరాలూ దాటాయి. గూళ్ళు కట్టాయి. పలమనేరు మార్కెట్లో గూళ్ళు అమ్మి వచ్చిన రోజు నన్ను పిలిచి భోజనం పెట్టింది. ఏమైనా మంచి మాట అంటుందేమోనని నేను నెమ్మదిగా తింటున్నాను.

"అన్నా, ఆ కాయితం ఎంతమంది దగ్గర ఉండాది?"

"అరవై మంది."

"అరవై మందీ నీ మాదిరే ఒక్క రాడ్డు ముందర బండిని తరిమేస్తే? వాళ్ళ షెడ్లలో ఉండేవి పురుగులు కాదా?"

చెయ్యి కడుక్కుని వచ్చాను. నంబర్లు వేసి రాసుకున్న జాబితా చూపించాను. "పో మరి" అంది.

సదస్సు పెట్టినవాళ్ళకు ఉత్తరం రాశాను. మీ సూచనను తగిన వేదిక మీద పంచుకుంటామని జవాబు వచ్చింది. ఆ వేదిక ఇంకా కట్టలేదనుకుంటాను. మిగతాది బస్సుల మీదే. ఎర్ర పెన్ను జేబులో పెట్టుకుని ఊరూరా తిరిగి, సత్యవేడు బండ్ల వరసలన్నిటికీ ఒక ఇరవై కలిపాను. ఒకాయన కాయితానికి అద్దం కట్టించి గోడకు తగిలించాడు. పగలగొడితే గాని దిద్దడానికి లేదు, పగలగొట్టించాను. ఒకామె అందులో పసుపు పొట్లం కట్టింది. పసుపు వేరే కాయితంలో పోసి దిద్దాను. ఒకాయన నన్ను గడప దాటనివ్వలేదు. "నూట ఇరవై అంటివి, ఇప్పుడు నూట నలభై అంటాండావు. నువ్వు బండివాళ్ళ మనిషివే" అన్నాడు. గేటు బయట నిలబడే అంకె చదివి వినిపించి వచ్చాను. ముగ్గురు అప్పటికే నా కాయితం చూసి పొడి బోరు వేసుకుని ఉన్నారు. వాళ్ళతో నేను మాట్లాడింది ఇక్కడ రాయను.

రెండేళ్ళలో నలభై మూడు మంది దొరికారు. మిగిలినవాళ్ళలో కొందరు బండ్లతో పాటు వేరే రాష్ట్రాలకు పోయారు, కొందరు కాయితం ఇంకెవరికో ఇచ్చేశారు, కొందరి ఊరి పేరు నేనే సరిగా రాసుకోలేదు. చెల్లెలు ఇప్పటికీ ఫోనులో ముందు అదే అడుగుతుంది. నలభై మూడు దగ్గరే ఉన్నానని చెప్తాను. పదిహేడు మంది, మనిషికి ఒక రాడ్డు చొప్పున: మూడు వందల నలభై అడుగులు ఈరోజుకీ నేను బాకీ.